నడుమునొప్పీ నాలుగు స్ప్రింగులూ

ఓయ్, కాలు మీద కాలేసుక్కూర్చున్న పెద్దమనిషీ! నిన్నే. బండి కింద స్ప్రింగుల గురించి కథేంటని మూతి అలా పెట్టావేం? నువ్వు కూర్చున్న కుర్చీకి ఒక కాలు లాగేస్తే తెలుస్తుంది, కింద ఉన్నవాటి విలువ. సరే, భయపడకు, లాగనులే. ఇందులో ఒకాయన కట్టుకున్న పెళ్ళాన్ని నిలువునా మోసం చేస్తాడు. చెవులు ఇటు పడెయ్యి, ఎలా చెయ్యాలో నీకూ తెలిసొస్తుంది.

ఆయన్ని అందరూ సర్కస్ అనేవాళ్ళు. ఒకసారి రేసులో గట్టు పొడుగునా బండిని రెండు చక్రాల మీద నడిపాడని కొందరు అలా పిలిచేవారు. మనిషే ఒక సర్కస్సని మిగతావాళ్ళు పిలిచేవారు. రెండోదే ఎక్కువ నిజం. పగలంతా సరుకుల వ్యాను తోలతాడు. తీరిక దొరికితే ఎవరినో ఒకరిని ఆటపట్టించాలి, లేకపోతే అన్నం సహించదు. ఒకసారి బావమరిది బండి హారన్ వైరు తీసుకెళ్ళి బ్రేకు పెడలుకి కలిపేశాడు. పాపం అతను సందు మలుపు తిరిగిన ప్రతిసారీ వీధంతా ఉలిక్కిపడి కిటికీలు తెరిచింది.

ఆ బావమరిది వెల్డరు. ఊరి చివర రేకుల షెడ్డు అతనిది. సర్కస్ భార్య ఆ వెల్డరుకి సొంత అక్క. ఆవిడ బండ్ల సీట్లు కుడుతుంది. లారీ సీట్లు, జీపు పైకప్పులు, టార్పాలిన్లు, ఏదిచ్చినా ఆవిడ మిషను కింద దారిలోకి రావాల్సిందే. రేసులో ఆయన పక్క సీటు కూడా ఆవిడదే. మోకాళ్ళ మీద దారి కాగితం పరుచుకుని, "ముందు గుంత, తర్వాత కుడి, బండరాయి ఎడమకి వదలండి" అని అరుస్తూ ఉంటుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆ సీట్లో ఇంకొకరు కూర్చున్నది లేదు.

ఈసారి రేసుకి కొత్త బండి కడుతున్నారు. షెడ్డు మధ్యలో స్టాండ్ల మీద చాసీ ఒక్కటే ఉంది, చక్రాలు లేకుండా, పైన ఏమీ లేకుండా, స్నానానికి నిలబెట్టిన పిల్లాడిలా. వెల్డరు చేతిలో సుద్దముక్కతో దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"బావా, ఇంక నాన్చొద్దు. కమాన్లా, కాయిల్ స్ప్రింగులా? బ్రాకెట్లు ఒకసారి అతికించాక మళ్ళీ కొయ్యమంటే నేను నిన్ను కోస్తా."

"అడగాలట్రా? కమాన్లే. పాత బండివి విప్పి దీనికి బిగించెయ్."

కమాను అంటే తెలుసుగా, ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కట్ట. లారీల కింద చూసుంటావు. బరువూ అదే మోస్తుంది, ఇరుసు పక్కకి పోకుండా అదే పట్టుకుంటుంది. కాయిల్ స్ప్రింగు అలా కాదు. అది బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసుని పట్టుకోడానికి వేరే రాడ్లు పెట్టాలి. పని ఎక్కువ, విరిగే చోట్లు ఎక్కువ.

"కానీ చక్రం నేలని వదలదు బావా," అన్నాడు వెల్డరు సుద్దతో గాల్లో గుంత గీస్తూ. "గుంతొస్తే చక్రం దిగుతుంది, గుట్టొస్తే చక్రం ఎక్కుతుంది. పైన మనిషి మనిషిలా కూర్చుంటాడు. నీ కమాన్ల బండిలో గుట్టొస్తే మనిషే ఎక్కుతాడు, గుంతొస్తే మనిషే దిగుతాడు."

"ఏటి మధ్యలో నీ రాడ్డు వంగిందనుకో, ఎవడొస్తాడ్రా? కమాను విరిగితే మధ్యలో చెక్కముక్క దోపి, గొలుసు చుట్టి, ఈల వేసుకుంటూ ఇంటికొస్తా. పోయిన రేసులో రాలేదూ?"

"వచ్చావు. మా అక్క ఈల వేసిందా?"

సర్కస్ మీసం మెలేశాడు. ఆ మీసానికి ఒక సంగతుంది. టీకొట్టు దగ్గర నలుగురూ వింటుండగా, "నా బండికి కాయిల్ స్ప్రింగులు పెట్టిన రోజు ఈ మీసం తీసేస్తా" అని గ్లాసు బల్లకేసి కొట్టి మరీ చెప్పాడు. అప్పటినుంచీ టీకొట్టు యజమాని ఆయన కనపడ్డప్పుడల్లా గడ్డం గీసుకునే కత్తి ధర చెబుతున్నాడు.

మెలేసింది ఎడమచేత్తో. అది ఎవరూ గమనించలేదని ఆయన అనుకున్నాడు. పోయిన రేసు అయినప్పటినుంచీ కుడిచేతి చిటికెనవేలూ దాని పక్క వేలూ మొద్దుబారిపోయి, చీమలు పాకినట్టు ఉంటున్నాయి. స్పానర్ పట్టుకుంటే జారిపోతోంది. ముందు చక్రాల కమాన్ల దెబ్బంతా స్టీరింగులోంచి ఆ చేతికే వస్తుందని ఆయనకి తెలుసు. ఎవరికైనా చెబితే రేసు మానమంటారనీ తెలుసు. అందుకే స్పానర్ జారినప్పుడల్లా, "దీనికీ నామీద అలకే" అని ఓ జోకు వేసి ఎడమచేత్తో తీసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం దాకా బామ్ వాసన. భార్య కుట్టుమిషను ముందు ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ తోస్తోంది.

"అబ్బా…" అంది, ఆయన చెప్పులు విప్పుతుండగా.

"ఏమైంది?"

"ఏముంది, నడుము. మీ కమాన్ల పుణ్యం."

"ఇటివ్వు, నేను రాస్తా."

"మీరా? మీ అరచేతులతో రాస్తే చర్మం కూడా వచ్చేస్తుంది. నేను రాసుకున్నాలెండి." దారం పంటితో కొరికి, మెల్లిగా అంది. "ఏమండీ, ఈసారి పక్క సీట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోండి. ఇంకో రేసు అలాంటి బండిలో అంటే నావల్ల కాదు."

"వాడా! వాడికి కుడేదో ఎడమేదో చెప్పడానికి పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెట్టాలి."

ఆవిడ నవ్వలేదు. మామూలుగా అయితే ఈ జోకుకి కత్తెర చూపించి బెదిరించేది. నడుము పట్టుకుని లేచి, గోడ ఆసరాతో వంటింట్లోకి వెళ్ళింది. ఆయన కంచం ముందు కూర్చుని అదే ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. పక్క సీట్లో ఆవిడ లేకుండా రేసంటే, దీపాలు లేకుండా చీకట్లో తోలమన్నట్టే. గెలిచినా ఎవరి వంక చూసి నవ్వాలి?

మర్నాడు షెడ్డుకి వెళ్ళి పాత బండి తాళాలు బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు. నేను మీ అక్క సీట్లో కూర్చుంటా."

"ఎందుకు?"

"సీటు కుట్లు ఊడాయేమో చూద్దామని."

వెల్డరు ఎందుకో గొంతు సవరించుకుని బండెక్కాడు. ఊరి వెనక ఎండిన ఏరు ఉంది. రాళ్ళూ ఇసుకా గట్లూ కలిసి రేసు దారికి తమ్ముడిలా ఉంటుంది. సర్కస్ ఆవిడ చేసినట్టే దారి కాగితం ఒళ్ళో పెట్టుకుని, తల వంచి చదవడం మొదలుపెట్టాడు. మొదటి గుంతకే దవడ పళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. కాగితంలో అక్షరాలు గంతులు వేశాయి. తలెత్తాడు, ఏమీ లేదు. తల దించాడు, ఇంకో దెబ్బ. ఈసారి నడుము దగ్గర ఎవరో గునపం ఆనించి తోసినట్టయింది.

అప్పుడు తెలిసింది ఆయనకి. స్టీరింగు పట్టుకున్నవాడికి గుంత ముందే కనపడుతుంది. కాళ్ళు బిగించుకుంటాడు, చేతులు బిగించుకుంటాడు, దెబ్బ కోసం ఎదురుచూస్తాడు. పక్కన తల వంచుకున్న మనిషికి ఆ భాగ్యం లేదు. ప్రతి గుంతా ఆ మనిషిని వెనక నుంచి వచ్చి కొడుతుంది. అయినా ఇన్నేళ్ళలో ఒక్క మలుపు తప్పు చెప్పలేదు. ఒక్కసారి "మెల్లిగా" అనలేదు. బహుమతి ఇచ్చేటప్పుడు మైకులో ఎప్పుడూ ఆయన పేరే పిలుస్తారు. ఆవిడ కింద నిలబడి ఆయన కళ్ళద్దాలు చీరచెంగుతో తుడుస్తూ ఉంటుంది.

"కుట్లు ఎలా ఉన్నాయి బావా?" అన్నాడు వెల్డరు బండి ఆపి.

"గట్టిగానే ఉన్నాయిరా," అన్నాడాయన. సర్కస్ జోకు వెయ్యకుండా బండి దిగడం వెల్డరు చూడటం అదే మొదలు.

ఆ క్షణానే ఆయన లోపల కమాన్లు విప్పేశాడు. మరి ఆ మాట పైకి చెప్పడం ఎలా? మీసం సంగతి అటుంచు. నీ నడుము కోసం మారుస్తున్నానంటే ఆవిడ ఊరుకోదు. "నా కోసం మీరు ఓడిపోవాల్సిన పనిలేదు, తమ్ముణ్ణే తీసుకెళ్ళండి" అంటుంది. ఆవిడ మొండితనం ఆయనకి తెలీనిది కాదు. అంచేత కాయిల్ స్ప్రింగులు న్యాయంగా, పదిమంది ముందు గెలవాలి. అంటే, అన్యాయంగా గెలిపించాలి.

ఆ షెడ్డులో ఏ బండి నడక మెత్తనో తేల్చడానికి మీటర్లూ కంప్యూటర్లూ లేవు. ఒక స్టీలు గ్లాసు ఉంది. బండి ముందద్దం కింది బల్ల మీద రేకు చుట్టు ఒకటి అతికించి, అందులో గ్లాసు దించి, అంచుదాకా నీళ్ళు పోస్తారు. ఏట్లో ఒక చుట్టు తిరిగొచ్చాక ఏ బండిలో ఎక్కువ నీళ్ళు మిగిలితే దానిదే మాట. వెల్డరు తండ్రి నాటి నుంచీ అదే పద్ధతి. గ్లాసు తీర్పుకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. అదృష్టం కొద్దీ, ఎవరికో కట్టిన కాయిల్ స్ప్రింగుల బండి ఒకటి షెడ్డులో సిద్ధంగా ఉంది. దాన్ని అప్పగించేముందు ఎలాగూ నడిపి చూడాలి.

"గ్లాసు పెడదాం," అన్నాడు సర్కస్ టీకొట్టు దగ్గర అందరికీ వినపడేలా. "నా కమాన్లు గెలుస్తాయి, చూస్తూ ఉండండి."

పందేనికి బయల్దేరేముందు భార్య కుట్టుపెట్టెలోంచి పల్చటి స్పాంజి ముక్క ఒకటి లాగి, బ్లేడుతో గ్లాసు మూతంత గుండ్రంగా కోసి జేబులో దోపుకున్నాడు. నీళ్ళ మీద అది తేలుతుంటే నీళ్ళు ఎగరవు. సరుకుల వ్యానులో నూనె డబ్బాలు మోసిన మనిషికి ఆ మాత్రం తెలీదా?

మొదట పాత బండి. "నడుముతో నువ్వెందుకు, దిగు" అన్నా ఆవిడ వినలేదు. "గ్లాసుకి సాక్షి ఉండాలిగా" అని మూలుగుతూ ఎక్కి తన సీట్లో కూర్చుంది. సర్కస్ కావాలని ప్రతి రాయినీ వెతుక్కుని మరీ ఎక్కించాడు. ఏటి వంపు దగ్గర పెద్ద గట్టు మీంచి దూకించేటప్పుడు మాత్రం కళ్ళు దారి మీదే పెట్టాల్సి వచ్చింది. షెడ్డుకి వచ్చి చూస్తే గ్లాసు ఖాళీ. ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు. అడుగు పొడిగా, తుడిచి బోర్లించినట్టుంది.

చాటుగా ఆయనకే మనసు చివుక్కుమంది. ఎంత చెడ్డా కమాన్లు రెండు వేళ్ళ నీళ్ళైనా మిగల్చాలి కదా. ఇన్నేళ్ళు వెనకేసుకొచ్చినందుకు ఇంత పరువు తీస్తాయా?

తర్వాత కాయిల్ స్ప్రింగుల బండి. ఆవిడ బెల్టు పెట్టుకోవడానికి అటు తిరగ్గానే స్పాంజి గ్లాసులో పడింది. తిరిగొచ్చాక ఆవిడ హెల్మెట్ విప్పుకుంటుండగా స్పాంజి మళ్ళీ జేబులో పడింది. గ్లాసులో ముప్పాతిక నీళ్ళున్నాయి. ఆయన ప్యాంటు జేబు తడిసి, చూడకూడని చోట మచ్చ కట్టింది. ఎవరో చూసి, "కాయిల్ బండి దెబ్బకి డ్రైవరు కూడా తొణికాడే!" అన్నారు. షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా.

"గ్లాసు చెప్పేసింది," అన్నాడు వెల్డరు గంభీరంగా. అంటూనే అటు తిరిగి దగ్గాడు. వెల్డింగు పొగ కాబోలనుకున్నాడు సర్కస్. ఆ రోజు వెల్డింగే మొదలుపెట్టలేదని ఆయనకి తట్టలేదు.

మీసం టీకొట్టు ముందే తీయించుకున్నాడు. అద్దంలో చూసుకుంటే తన మొహం తనకే దూరపు చుట్టంలా అనిపించింది. పోతే పోయింది. ఆవిడ నడుము కన్నా ఎక్కువా? పెళ్ళాం కోసం ఇంత త్యాగం చేశాననీ, అది ఆవిడకి తెలియనైనా తెలియదనీ తలుచుకుంటే ఛాతీ ఉబ్బింది.

ఆ తర్వాత పని మొదలైంది. చాసీతోపాటే వచ్చిన, కమాన్లు తగిలించే చెవుల్ని గ్రైండరుతో కోసి నున్నగా అరగదీశారు. ఇరుసుని జాకీల మీద నిలబెట్టి, తాడు లాగి సూటి చూసి, రాడ్ల బ్రాకెట్లని ముందు చుక్కలు చుక్కలుగా అతికించారు. చక్రం పైదాకా ఎత్తి, కిందిదాకా దించి, రాడ్డు దేనికీ తగలడం లేదని చేత్తో తడిమి చూశాకే పూర్తిగా వెల్డింగు వేశారు.

స్ప్రింగులు ఎంచుకునేటప్పుడు మళ్ళీ గొడవ.

"ఇవి కాదు, ఆ మెత్తటివి పెట్టు," అన్నాడు సర్కస్.

"మరీ మెత్తనైతే ఎగిరి దిగినప్పుడు అడుగు నేలకి కొట్టుకుంటుంది బావా."

"చివర్లో రబ్బరు బఫర్లు పెట్టు. పొడుగు షాకబ్జర్లు వెయ్యి. స్ప్రింగు మెత్తగా ఉండాలి, షాకబ్జరు దాన్ని అదుపులో పెట్టాలి. మీ అక్కా నేనూ ఉన్నట్టు."

"ఇందులో స్ప్రింగెవరు, షాకబ్జరెవరు?"

"నోరుమూసుకుని బోల్టు బిగించు."

భార్య ఓ మూల కొత్త సీట్లు కుడుతూ వింటోంది. తమ్ముడి వంక చూసింది. తమ్ముడు నల్లద్దం మొహం మీదికి లాక్కున్నాడు.

బండి చక్రాల మీద నిలబడిన రోజున మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఏటికి తీసుకెళ్ళారు. పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. మొదటి గుంత రాగానే సర్కస్ అలవాటుగా కాళ్ళు బిగించాడు. దెబ్బ రాలేదు. చక్రం దిగి ఎక్కింది, అంతే. రాళ్ళ వరస మీద బండి గొంగళిపురుగులా కాళ్ళు కదుపుకుంటూ పోయింది. స్టీరింగు చేతిలో వణకలేదు. మొద్దుబారిన ఆ రెండు వేళ్ళ మీద చీమలు కూడా ఇవాళ సెలవు పెట్టినట్టున్నాయి. పక్కనుంచి గొంతు వినపడుతోంది, "ముందు గుంత, తర్వాత కుడి, బండరాయి ఎడమకి వదలండి." ఇంతకాలం ఆ గొంతు దెబ్బలకి ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇవాళ పాటలా తిన్నగా వస్తోంది. ఎవరికో దణ్ణం పెట్టుకోవాలనిపించింది ఆయనకి. ఎవరికో తెలీక, గేరు మార్చాడు.

వంపు దగ్గర వెనక టైరు పంచరైంది.

"నువ్వు దిగకు, నడుము!" అని అరుస్తూ బెల్టు విప్పుకోబోయాడు. కుడిచేతి వేళ్ళకి బెల్టు కొక్కెం ఎంతసేపు తడిమినా అందలేదు. ఎడమచేత్తో విప్పి, దిగి, బండి చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసరికి అది జాకీ మీదికి ఎక్కేసి ఉంది. నట్లు విప్పేసి, పంచరైన చక్రం పక్కన పడేసి ఉంది. ఆవిడ ఆ పెద్ద స్టెప్నీని రెండు చేతులతో బండి వెనక నుంచి లాగి, మోకాలితో ఎత్తి, ఒక్క ఊపులో యాక్సిల్ బోల్టుల మీద కూర్చోబెట్టింది. మూలగలేదు. కనీసం ఉఫ్ అనలేదు. షెడ్డులో దాన్ని ఎత్తాలంటే మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

సర్కస్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఏంటలా చూస్తారు? నట్లు అందించండి," అంది ఆవిడ చెయ్యి చాపి. "కుడిచేత్తో."

ఆయన నట్టు తీశాడు. కుడిచేత్తో. అది వేళ్ళ మధ్యనుంచి జారి ఇసుకలో పడింది.

"మరి నీ నడుము…"

"నా నడుముకేం? దున్నపోతులా ఉంది." నట్టు తనే ఏరుకుని, ఊది, బిగించింది. "చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటుంటే నాకు కనపడదనుకున్నారా? ఆ గుండీలు కుట్టేదాన్నే నేను. మీ చేతికోసం బండి మార్చమంటే మీరు మారుస్తారా? జోకొకటి వేసి బయటికి పోతారు. నా కోసమైతే మారుస్తారని తెలుసు."

"బామ్ వాసన?"

"మిషనుకి రాశా. పాపం, దానికే నడుము నొప్పి."

"గ్లాసు?"

"గట్టు దూకేటప్పుడు కిటికీలోంచి వంపేసి, చెంగుతో తుడిచేశా. మీ స్పాంజి కూడా చూశా. అంత వంకరగా కోసేది ఈ ఇంట్లో ఒక్కరే." స్పానర్ మీద కాలు వేసి తొక్కి, చివరి నట్టు బిగించింది. "రేసుకి ముందు డాక్టరు దగ్గరికి నడుస్తారా, ఈడ్చుకెళ్ళనా?"

"నడుస్తా," అన్నాడు సర్కస్. దానికి ఒక జోకు ఉండే ఉంటుంది. వెతికాడు, దొరకలేదు. ఆవిడ పక్కనే ఇసుకలో కూలబడి, మొద్దుబారిన చేతిని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ రెండు వేళ్ళనీ గ్రీజు చేతులతోనే పట్టుకుని మెల్లిగా ఒత్తుతూ కూర్చుంది. కాసేపటికి ఆయన రెండో చేత్తో పైపెదవి తడుముకుని, "మరి నా మీసం?" అన్నాడు.

"అది నేను అడగలేదు. అది మీ సొంత తెలివి."

అక్క నడుము గుండ్రాయిలా ఉందని వెల్డరుకి తెలుసు. టీకొట్టు యజమానికి తెలుసు. నవ్విన షెడ్డు మొత్తానికి తెలుసు. తెలియంది ఇద్దరికే. మీసం పోగొట్టుకున్నాయనకీ, ఆవిడ 'అబ్బా' అన్నప్పుడల్లా అయ్యోపాపం అనుకుంటూ మోసం నేర్చుకోడానికి కూర్చున్న నీకూ.